బస్సొచ్చాడు

బస్టాండులో ఆమె గొంతు అందరికీ తెలుసు, ముఖం ఎవరికీ తెలియదు. ఆ గొంతు వినపడగానే బెంచీల మీద కునుకు తీసేవాళ్ళు ఉలిక్కిపడి సంచులు తడుముకుంటారు. టీ తాగేవాళ్ళు గ్లాసు సగంలో వదిలేసి పరుగెత్తుతారు. "ప్రయాణికులకు గమనిక. నలభై రెండో నంబరు బస్సు మూడో ప్లాట్‌ఫారం మీదకు వచ్చియున్నది." వెంటనే అదే మాట, ఆ ఊళ్ళో సగం మంది మాట్లాడే రెండో భాషలో. ఏ భాషవాళ్ళు విన్నా తమ పక్కింటి అమ్మాయే చదువుతోందనుకుంటారు.

అద్దాల గదిలోకి తొంగిచూస్తే మాత్రం కనిపించేది ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, చేతిరుమాలు చుట్టిన మైకు, వాటి వెనక నలుగురిలో నోరు విప్పని ఓ ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి. స్టాఫంతా అనౌన్సరమ్మ అంటారు. పక్క కుర్చీలో కూర్చుని బస్సుల రాకపోకలు రాసుకునే కంట్రోలరు పదకొండేళ్ళుగా ఆమెతో ఒకే గదిలో ఉన్నాడు. "ఈమె మైకులో మాట్లాడినంత బయట మాట్లాడి ఉంటే ఈపాటికి మంత్రి అయిపోయేది" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఊరుకోవడం ఆమెకు బాగా వచ్చిన మూడో భాష.

కాగితం మీద ఉన్నది చదవమంటే ఆమెకు భయం లేదు. లేనిది మాట్లాడమంటేనే నాలుక మడత పడుతుంది. దానికో కారణం ఉంది.

ఆమె ఒకటో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం పిల్లలంతా బడి గేటు దగ్గర నిలబడి బస్సు కోసం ఎదురుచూస్తున్నారు. మలుపు తిరుగుతున్న బస్సు అందరికంటే ముందు ఈమె కంటబడింది. "టీచర్, బస్సు వచ్చాడు" అంది సంబరంగా. అంతే, గేటు అదిరిపోయేలా నవ్వు. బస్సులో కూడా నవ్వుతూనే ఉన్నారు. మర్నాడు టీచరు "బస్సు వచ్చింది" అని ఇంటి దగ్గర వందసార్లు రాసుకురమ్మంది. పదో తరగతి దాకా ఆమె పేరు బస్సొచ్చాడే. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

నిజానికి ఆ తప్పు ఆమెది కాదు, వాళ్ళ ఇంటిది. నాన్నది తెలుగు. అమ్మది ఆ రెండో భాష. పెళ్ళయ్యాక అమ్మ తెలుగు నేర్చుకుంది, గడగడా మాట్లాడేది, పోట్లాటలోనైతే నాన్న కంటే బాగా మాట్లాడేది. కానీ ఆ ఇంట్లో వస్తువులకు మీసాలుండేవి. కుక్కరు మూడుసార్లు అరిచాడు, దించు. ఫ్యాను అలిగాడు, ఒక తట్టు తట్టు. గడియారం పావుగంట వెనకబడ్డాడు. కరెంటు వెళ్ళిపోయాడు, ఎప్పుడొస్తాడో ఏంటో. కరెంటు అనే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడనీ, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయే రకమనీ ఆరేళ్ళ పిల్ల నిజంగానే నమ్మింది.

పోనీ అమ్మవైపు వెళ్తే సుఖమా అంటే అదీ లేదు. ఆ భాషలో ప్రతి వస్తువూ ఆడో మగో ఏదో ఒకటి అయి తీరాలి. తెలుగు అలవాటు కొద్దీ ఈమె మంచాన్నీ గొడుగునీ బకెట్టునీ అన్నిటినీ ఆడవాళ్ళను చేసేది. "మీ నాన్న భాష అందరికీ ఒకే గౌను కుట్టేసింది" అని పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. ఇక్కడేమో అమ్మ కూతురు, అక్కడేమో నాన్న కూతురు. ఎటెళ్ళినా అవతలి గట్టు పిల్లే. అందుకని ఎవరూ వేలెత్తి చూపడానికి వీల్లేనంత శుభ్రంగా రెండు భాషలూ నేర్చుకుంది. బస్టాండులో అనౌన్సరు ఉద్యోగం పడినప్పుడు, బడిలో ఆమెతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి మరీ చెప్పింది: "ఇది నీకోసమే పెట్టారే. ఇక రోజంతా బస్సొచ్చాడు అనుకోవచ్చు." ఆమె ఉద్యోగంలో చేరింది. పదకొండేళ్ళలో ఆమె నోట ఒక్కసారి కూడా బస్సు వచ్చాడు కాలేదు, ఎప్పుడూ వచ్చియున్నది.

బస్టాండుకు ఎదురుగా లైబ్రరీ ఉంది. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి దాని మేడ మీద ‘నోటి మాట’ అని ఒక సభ జరుగుతుంది. పాట పాడకూడదు, ఉపన్యాసం దంచకూడదు. పది నిమిషాల్లో తన మాటను, తన గొంతును, చేతులను కలిపి ఆడించి చూపించాలి. ఒకసారి ఒక మంగలి కత్తెర చప్పుడుతో తన బతుకంతా చెప్పి వెళ్ళాడు. ఇదంతా నడిపేది లైబ్రేరియన్. రిటైరవడానికి రెండేళ్ళున్న మనిషి, మొహమాటం అనే మాట ఆమె దగ్గరున్న నిఘంటువులో లేదు.

ఒక మధ్యాహ్నం లైబ్రేరియన్ అద్దాల గదిలోకి నేరుగా వచ్చేసింది. "అమ్మాయ్, ఈసారి రెండు భాషల ఇళ్ళలో పెరిగినవాళ్ళతో పెడుతున్నా. నువ్వొస్తున్నావు."

"నాకేం వచ్చు మేడమ్. బస్సుల టైములు తప్ప."

"ఆ టైములే రెండు భాషల్లో చెప్పు. ఆ గొంతు చాలు."

"ఆమె రాదులెండి," అన్నాడు కంట్రోలరు తల ఎత్తకుండా. "రమ్మంటే రాత్రికి జ్వరం తెచ్చుకుంటుంది."

ఆ మాటే ఆమెను రెచ్చగొట్టి ఉండాలి. "వస్తాను" అనేసింది. అన్నాక ఎవరు అన్నారా అని తనే అటూ ఇటూ చూసుకుంది.

ఆ వారమంతా డ్యూటీ మధ్య ఖాళీల్లో, పాత ట్రిప్ షీట్ల వెనక రాసింది. బస్సుల టైములు రాద్దామని కూర్చుంటే చేతికి కుక్కరు వచ్చాడు. తర్వాత ఫ్యాను, గడియారం, చెప్పకుండా వెళ్ళిపోయే కరెంటు, అందరూ వరసపెట్టి వచ్చారు. నాలుగు పేజీలయింది. చదువుకుంటే తనకే నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఒక సంగతి తట్టింది. బడి గేటు దగ్గర తనను చూసి నవ్వినట్టే రేపు హాలంతా అమ్మను చూసి నవ్వుతుంది. నవ్వించేది తనే. అమ్మకు తెలిస్తే?

నాన్నకు చూపించింది. నాన్న ముప్పై నాలుగేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. వచ్చిన కరపత్రమల్లా దిద్దనిదే ఆయనకు కాఫీ గొంతు దిగేది కాదు. ఊరందరి తప్పులూ దిద్దాడు కానీ ఇంట్లో అమ్మ మాట ఒక్కటీ దిద్దలేదు. అది ప్రేమ అని ఆమె అనుకునేది. భయమని పెద్దమ్మ అనేది.

ఆయన ఎర్ర పెన్సిలు చెవి మీదనుంచి తీసి రెండు ఒత్తులు పెట్టాడు, ఒక కామా కొట్టేశాడు. మూడో పేజీలో ఒకచోట పెన్సిలు ఆగింది. అక్కడ టకటకా తట్టి, ఏమీ రాయకుండా కాగితాలు తిరిగిచ్చేశాడు.

"ఇందులో ఒక తప్పుంది. అది నేను దిద్దేది కాదు. మీ అమ్మకి చదివి వినిపించు."

"బాధపడుతుంది నాన్నా."

"వినిపించు" అని మళ్ళీ పేపరులో తల పెట్టేశాడు.

ఇది రాయడమే తప్పని నాన్న ఉద్దేశమని ఆమెకు అర్థమైంది. అలా అర్థమైనా కాగితాలు చింపలేకపోయింది, అమ్మకు వినిపించనూ లేకపోయింది. ఆదివారం భోజనాలయ్యాక "డ్యూటీ ఉందమ్మా" అని అబద్ధమాడి, ఆ కంగారులో చెప్పులు తారుమారుగా వేసుకుని, మళ్ళీ సరిగ్గా వేసుకుని బయటపడింది.

లైబ్రరీ మేడ మీద అరవై కుర్చీలు వేస్తే డెబ్భై మంది వచ్చారు. కిటికీల్లోంచి బస్టాండు మైకు వినపడుతోంది. ఆమె బదులు ఇవాళ కంట్రోలరు చదువుతున్నాడు, గొంతులో చాక్‌పీసు ముక్క ఇరుక్కున్నట్టుగా. ఆమె వంతు వచ్చింది. మైకు ముందు నిలబడి కాగితం విప్పింది. అక్షరాలు చీమల బారులా కదిలాయి. ముక్కు తడుముకుంది. కళ్ళద్దాలు లేవు.

మొదటి పేజీ నోటికి వచ్చు. దేవుడి మీద భారం వేసి మొదలుపెట్టింది.

"మా ఇంట్లో వస్తువులు లేవు. అందరూ మనుషులే. పొద్దున్నే గడియారం లేస్తాడు, పావుగంట ఆలస్యంగా. వాడి మీద అమ్మ కేకలేస్తుంది. ఆ కేకలకు భయపడి కుక్కరు మూడుసార్లు అరుస్తాడు. ఫ్యాను అలుగుతాడు. ఆయన అలిగాడని చూసి కరెంటు వెళ్ళిపోతాడు."

హాలు నవ్వింది. బడి గేటు దగ్గరి నవ్వులా లేదది. కుర్చీల్లోంచి ముందుకు వంగి, ఇంకా చెప్పు అన్నట్టు నవ్వారు. ఆమెకు ధైర్యం వచ్చింది. చేతులు వాటంతటవే లేచి ఫ్యాను అలిగినట్టు ముడుచుకున్నాయి. మొదటి పేజీ అయిపోయింది. రెండో పేజీ తిప్పింది. అక్కడ ఉన్నది చీమలే. మెదడు తెల్లకాగితమైంది. ఎవరో దగ్గారు.

అప్పుడు తలుపు దగ్గరినుంచి వినపడింది.

"కళ్ళద్దాలు ఇంట్లోనే ఉండిపోయారు. తీసుకొచ్చా."

హాలు భళ్ళుమంది. ఇది కూడా ప్రదర్శనలో భాగమే అనుకున్నారు జనం. కొందరు చప్పట్లు కొట్టారు. అమ్మ ఆ చప్పట్ల మధ్యలోంచి, చేతిసంచిని గుండెకు హత్తుకుని, కుర్చీల సందుల్లోంచి నడిచొచ్చి కళ్ళద్దాలు కూతురి చేతిలో పెట్టింది. వెనక గోడకు ఆనుకుని నాన్న నిలబడి ఉన్నాడు. కళ్ళద్దాలు కుట్టుమిషను మీద కనిపించాయట. అవి లేకుండా డ్యూటీలో ఎలా చదువుతుంది పాపమని ఇద్దరూ బస్టాండుకు వెళ్ళారట. కంట్రోలరు వాళ్ళను చూసి, చెప్పడం ఎందుకని ఏకంగా మైకులోనే చదివేశాడట: "ప్రయాణికులకు గమనిక. మన అనౌన్సరమ్మ గారి ప్రోగ్రాము లైబ్రరీ మేడ మీద జరుగుచున్నది." హాలు నవ్వుల్లో అది ఇక్కడెవరికీ వినపడలేదు, ఇవన్నీ ఆమెకు తర్వాత తెలిశాయి.

అప్పటికి తెలిసింది ఒక్కటే. కళ్ళద్దాలు పెట్టుకోగానే మొదటి వరసలో కూర్చున్న అమ్మ ముఖం మరీ స్పష్టంగా కనిపించింది. ఆమె కాగితాలు మడిచేసింది.

"క్షమించండి. నేను ఇక్కడితో..."

"ఆపావెందుకు?" అంది అమ్మ. "చదువు."

"అమ్మా, ఇది నీ గురించి."

"నా గురించైతే నేను వినకూడదా? మెట్లెక్కి వచ్చాను, మోకాళ్ళు నన్ను తిడుతున్నారు. చదువు."

మళ్ళీ నవ్వులు. తప్పించుకునే దారి లేదు. ఆమె రెండో పేజీ చదివింది, తల ఎత్తకుండా. గొంతు బస్టాండు గొంతులా లేదు. మూడో పేజీకి వచ్చింది. "మధ్యాహ్నం గరిటె జారిపడ్డాడు. అమ్మ వాణ్ణి లేపి..."

"ఆగు ఆగు" అంది అమ్మ. "గరిటె మగాడేంటి? గరిటె ఆడది. జారిపడింది అనాలి. తప్పు రాశావు."

హాలు ఊగిపోయింది. ఆమె మాత్రం నవ్వలేదు. వెనక గోడ దగ్గర నాన్న ఎర్ర పెన్సిలుతో గాలిలో టకటకా తట్టి చూపించాడు. అదే చోటు.

లైబ్రేరియన్ అప్పటికే ఒక కుర్చీ ఎత్తి మైకు పక్కన వేసేసింది. "అమ్మగారూ, ఇలా రండి. గరిటె ఆడదని ఎవరు చెప్పారు?"

"మా భాష చెప్పింది" అంటూ అమ్మ కుర్చీలో సర్దుకుంది. "గరిటె, కత్తెర, కిటికీ, సూది ఆడవాళ్ళు. గడియారం, ఫ్యాను, బస్సు మగాళ్ళు. ఆడవాటిని నేనెప్పుడైనా వాడు అన్నానా? జారిపడింది, తెగింది, విరిగింది అంటాను. ఆ సగం మీ తెలుగుకి సరిపోయింది కాబట్టి ఎవరికీ వినపడలేదు. మిగతా సగమే తప్పని పట్టుకున్నారు. నలభై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా తడబడలేదు నేను. కావాలంటే ఆయన్నడగండి."

"నిజం" అన్నాడు నాన్న వెనకనుంచి. "తప్పయితే దిద్దేవాణ్ణి కదా."

అమ్మ తప్పులు తోచినట్టు దొర్లే తప్పులనుకుంది కూతురు ఇన్నాళ్ళూ. వాటికొక వరస ఉందని, ఆ వరసలో సగం తెలుగు మాటున దాక్కుని ఉందని, రెండు భాషలూ నోటికి వచ్చిన తనకు తట్టనే లేదు. "అయితే కావాలనే అంటావా అమ్మా?"

"మొదటి ఏడాది నిజంగా తెలియకే. అత్తారింటికి వచ్చిన రోజు చెప్తా విను. గుమ్మంలో అడుగుపెట్టగానే మా అత్త లోపలికి కేకేసింది, కోడలు వచ్చింది అని. వచ్చింది అంటే నేనన్నమాట అనుకున్నా. వెనకే నా కుట్టుమిషను వేసుకుని లారీ వచ్చాడు. మళ్ళీ కేకేసింది, లారీ వచ్చింది అని. ఆ తర్వాత ఈయన వచ్చారు. అబ్బాయి వచ్చాడు అంది. మర్నాడు పొద్దున్నే ఈయన్ని అడిగా, ఏవండీ, మీ భాషలో నేనూ లారీ ఒకటేనా అని."

"ఏమన్నారు?" అంది లైబ్రేరియన్.

"చూసి చెప్తానన్నారు. ఇంకా చూస్తున్నారు."

"వ్యాకరణాలన్నీ తిరగేశాను" అన్నాడు నాన్న, డెబ్భై తలలు తనవైపు తిరిగేసరికి ఇబ్బందిగా. "రూలు దొరికింది. సమాధానం దొరకలేదు."

"ఏడాది తిరిగేసరికి నాకూ రూలు తెలిసిపోయింది. తెలిశాక మానబుద్ధి కాలేదు. నన్ను పైకెక్కించుకోవడం నా చేతిలో లేదు. లారీనైనా ఎక్కిద్దామనుకున్నా."

ఈసారి నవ్వు ఆలస్యంగా వచ్చింది, ముందు ఆడవాళ్ళ వరసల్లోంచి. చప్పట్లూ అటునుంచే మొదలయ్యాయి. ఆ సందడి తగ్గాక ఆమె మైకు దగ్గర్నుంచి పక్కకు జరిగి, అమ్మకు మాత్రమే వినపడేలా అడగబోయింది. కానీ ఆ గొంతుకు చిన్నగా మాట్లాడినా దూరం వెళ్ళడం అలవాటు.

"బడిలో నన్ను బస్సొచ్చాడు అని పిలిచేవాళ్ళమ్మా. పదేళ్ళు. నాకైనా ఎందుకు చెప్పలేదు?"

అమ్మ ముఖంలో నవ్వు ఆగింది. "నువ్వెప్పుడు చెప్పావే నాకు? ఒకరోజు ఇంటికొచ్చి కూర్చుని పేజీల నిండా ఒకే ముక్క రాసుకున్నావు. మీ అక్షరాలు నాకు రావు కదా. చేతిరాత కుదరడానికేమో అనుకుని పక్కన కూర్చుని విసిరాను. కరెంటు లేడు ఆ రోజు."

వందసార్లు రాసిన ఆ సాయంత్రం ఆమెకు గుర్తే. విసనకర్ర గాలి మాత్రం ఇప్పుడే గుర్తొచ్చింది.

అమ్మే అందుకుంది, మామూలు గొంతుతో, లోకాభిరామాయణంలా. "ఇంకోటి గమనించావా? నేనొక్కదాన్నే ఎక్కడికైనా వెళ్తే వచ్చింది అనేవాళ్ళు. మీ పెద్దమ్మతో కలిసి వెళ్తే వచ్చారు అనేవాళ్ళు. ఒక్కత్తయితే లారీ, ఇద్దరైతే మనుషులు. అందుకే ఎక్కడికెళ్ళినా ఎవరినో ఒకరిని వెంటేసుకెళ్ళడం అలవాటైంది. నువ్వేమో ఇవాళ ఒక్కదానివే వచ్చావు, అబద్ధమాడి మరీ."

నాలుగో పేజీ చేతిలో ఉంది. ఆమె దాన్ని అమ్మ సంచిలో పడేసింది. మైకు సరిచేసుకుంది. రాసి లేని మాట మైకులో చెప్పడం పదకొండేళ్ళలో అదే మొదలు.

"ప్రయాణికులకు గమనిక. ముప్పై మూడేళ్ళు ఆలస్యంగా నడుచుచున్న తల్లీ కూతురూ లైబ్రరీ మేడ మీదకు వచ్చియున్నారు."

వచ్చియున్నారు అన్నచోట గొంతు బస్టాండు గొంతే, కానీ ఎవరూ సంచులు తడుముకోలేదు. వెంటనే అలవాటు ప్రకారం అదే మాట అమ్మ భాషలో చదివింది. ఆ ఊపులో మేడను ఆడదాన్ని చేసేసింది. "మేడ మగాడు" అంది అమ్మ మైకు దగ్గరగా వంగి. ఆ రోజు అన్నిటికంటే పెద్ద నవ్వు అదే. లైబ్రేరియన్ గడియారం చూసి, పది నిమిషాలు కాస్తా ముప్పై అయ్యాయని, ఎవరూ ఫిర్యాదు చేయొద్దని చెప్పింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు నాన్న ముందు నడిచాడు. వెనక తల్లీకూతుళ్ళు ఏయే వస్తువు ఎవరో లెక్క తేల్చుకుంటూ నడిచారు. సబ్బు దగ్గర వాదన వచ్చింది. అమ్మ పుట్టింట్లోనే దాని మీద రెండు పక్షాలున్నాయట.

సోమవారం పొద్దున అద్దాల గదిలో అన్నీ మామూలే. కంట్రోలరు ఆదివారం తన అనౌన్స్‌మెంట్లు ఎలా ఉన్నాయని నాలుగుసార్లు అడిగాడు. బాగున్నాయని నాలుగుసార్లూ చెప్పింది. మలుపు దగ్గర దుమ్ము లేచింది. ఆమె స్విచ్చి నొక్కింది.

"ప్రయాణికులకు గమనిక. నలభై రెండో నంబరు బస్సు మూడో ప్లాట్‌ఫారం మీదకు వచ్చియున్నది."

రెండో భాషలోనూ చదివింది. స్విచ్చి ఆపింది. చేతిరుమాలు సర్దుతూ, అద్దంలోంచి బయటికి చూస్తూ, మామూలుగా అంది.

"బస్సొచ్చాడు."

కంట్రోలరు రిజిస్టరులోంచి తల ఎత్తలేదు.

"వచ్చాడులే," అన్నాడు టైము రాసుకుంటూ. "పావుగంట లేటుగా వచ్చాడు."